ముంబై ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో సమ్మర్ ఇంటర్న్‌షిప్: కర్నూలు అమ్మాయి ప్రశ్నకు జవాబు

కర్నూలు బి.క్యాంపు నుంచి ఒక అమ్మాయి అడిగింది: "అక్కా, పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. కర్నూల్లోనే బీకామ్ చేసి, ఇప్పుడు బయట ఎంబీఏ మొదటి సంవత్సరంలో ఉన్నా. ఏప్రిల్ నుంచి ఎనిమిది వారాలు ముంబైలో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో సమ్మర్ ఇంటర్న్‌షిప్ వచ్చింది. అక్కడ నిజంగా ఏం పని చేయిస్తారు? నా ఇంగ్లీషుతో నెగ్గుకు రాగలనా? రాత్రి రెండింటి దాకా పని ఉంటుందని విని మా నాన్న వద్దంటున్నాడు. చివర్లో ఉద్యోగం ఇస్తారా?"

వెళ్ళు చెల్లెమ్మా. నెగ్గుకొస్తావు. పని అర్థం కానంత కష్టమేమీ కాదు గానీ మనిషిని అరగదీస్తుంది. ఆ ఎనిమిది వారాల్లో వాళ్ళు నీలో ముఖ్యంగా చూసేది ఒక్కటే: నువ్వు ఇచ్చిన అంకెను ఇంకొకరు మళ్ళీ సరిచూడకుండా పైకి పంపొచ్చా, లేదా. ఫైనాన్స్ ఎంత తెలుసు, ఇంగ్లీషు ఎంత బాగుంది అన్నవి దాని తర్వాతే వస్తాయి. ఉద్యోగం సంగతి సగం నీ చేతిలో ఉంటుంది, సగం ఆ ఏటి మార్కెట్ చేతిలో ఉంటుంది. రాత్రుళ్ళ సంగతి మీ నాన్నగారికి నువ్వు చదివి వినిపించేలా కింద విడిగా రాస్తాను.

నా గురించి రెండు ముక్కలు. మాది ఆదోని. నాన్న పత్తి మండీలో గుమాస్తా. నాదీ తెలుగు మీడియమే, తర్వాత కర్నూలు కేవీఆర్ ఉమెన్స్ కాలేజీలో బీకామ్, ఆ తర్వాత ఎంబీఏ. 2012 వేసవిలో ముంబైలో ఇదే ఇంటర్న్‌షిప్ చేశాను. తర్వాత తొమ్మిదేళ్ళు ఈ రంగంలోనే ఉన్నాను, చివరి నాలుగేళ్ళు ఇంటర్న్‌లను ఎంపిక చేసేవాళ్ళలో, వాళ్ళకు మార్కులు వేసేవాళ్ళలో ఒకదాన్ని.

ముందు అసలు ఆ బ్యాంకు ఏం చేస్తుందో మీ ఇంట్లో చెప్పడానికి పనికొచ్చేలా చెప్తాను. బ్యాంకు అనగానే మనవాళ్ళకు పాస్‌బుక్కు, బంగారం లోను గుర్తొస్తాయి. ఈ విభాగంలో ఆ పనులు ఉండవు. మా ఆదోని మార్కెట్ యార్డులో రైతు పత్తి తెస్తాడు, జిన్నింగ్ మిల్లు వాళ్ళు కొంటారు, మధ్యలో కమీషన్ ఏజెంటు ఉంటాడు. సరుకు రాశి పోయించి, తేమ ఎంత, పింజ ఎట్లుంది అన్నది చూపించి, నలుగురు కొనేవాళ్ళను రప్పించి, ధర తెగేదాకా నిలబడి తన కమీషను తీసుకుంటాడు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు కంపెనీల విషయంలో ఆ పని చేస్తుంది. ఒక కంపెనీని ఇంకొకరికి అమ్మించడం, కొనిపించడం ఎం అండ్ ఏ. షేర్లు అమ్మించి డబ్బు తెప్పించడం ఈసీఎం. బాండ్లు అమ్మించడం డీసీఎం. మన చట్టంలో దీని పేరు మర్చంట్ బ్యాంకర్. షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 1992 నాటి నియమాల కింద రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళే పబ్లిక్ ఇష్యూ, అంటే కంపెనీ జనానికి షేర్లు అమ్మే పని, నడపాలి.

మండీలో సరుకు కళ్ళ ముందు రాశిగా ఉంటుంది, చేత్తో తీసి చూడొచ్చు. కంపెనీ విషయంలో సరుకంతా కాగితం మీద అంకెల్లోనే ఉంటుంది. అంకె తప్పయితే సరుకే తప్పయినట్టు. మిగతా జవాబంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో మాట. నీ ఆఫర్ లెటర్‌లో విభాగం పేరు ఏముందో చూసుకో. పెద్ద విదేశీ బ్యాంకులకు మన దగ్గర పెద్ద సెంటర్లున్నాయి. గోల్డ్‌మన్ శాక్స్ బెంగళూరు ఆఫీసు 2004లో, హైదరాబాదు ఆఫీసు 2021లో వచ్చాయి. అలాంటి చోట్ల టెక్నాలజీ, ఆపరేషన్స్, రిస్క్, రీసెర్చ్ సపోర్ట్ పనులు చాలా ఉంటాయి. మంచి ఉద్యోగాలే, జీతాలూ మంచివే, రాత్రుళ్ళు కూడా తక్కువ. కాకపోతే డీల్ దగ్గర కూర్చునే పని అది కాదు. ముంబై అన్నావు కాబట్టి నీది డీల్ పనే అయ్యుండొచ్చు. అయినా హెచ్ఆర్‌కు ఒక మెయిల్ రాసి ఏ టీమో అడుగు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక రోజు ఎలా గడుస్తుందంటే, ఉదయం తొమ్మిదిన్నర పదికల్లా చేరతావు. పగలు చాలాసేపు చేతిలో పెద్ద పని ఉండదు. అది చూసి కొత్తవాళ్ళు కంగారు పడతారు. నీ పైన అనలిస్ట్, ఆ పైన అసోసియేట్, వీపీ, డైరెక్టర్, ఎండీ. పైవాళ్ళు పగలంతా మీటింగుల్లో ఉంటారు. సాయంత్రం ఏడుకో ఎనిమిదికో వచ్చి నువ్వు చేసిన పేజీల మీద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తారు. ఆ దిద్దుబాట్లు మెట్టు మెట్టుగా దిగి నీ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది. పొద్దున్నే పేజీలు బల్ల మీద ఉండాలి. రాత్రిళ్ళు పని ఉండటానికి అసలు కారణం ఈ ఏర్పాటే. అందుకే మధ్యాహ్నం నాలుగింటికి ఖాళీ దొరికితే రాత్రికి ముందే చేసి పెట్టుకోగల పని చేసుకో. కంపెనీల యాన్యువల్ రిపోర్టులు దించి పెట్టుకోవడం, పేజీల కింద రాయాల్సిన ఆధారాలు రాసుకోవడం లాంటివి.

ఇంటర్న్ చేతికి ముందుగా వచ్చే పని ట్రేడింగ్ కంప్స్. అమ్మబోయే కంపెనీ లాంటివే, మార్కెట్లో లిస్టయినవి ఓ పది కంపెనీలు తీసుకుంటాం. ఒక్కోదాని షేరు ధరను షేర్ల సంఖ్యతో గుణించి, అప్పు కలిపి, చేతిలో నగదు తీసేస్తే వచ్చేది ఎంటర్‌ప్రైజ్ వాల్యూ. దాన్ని ఎబిటాతో, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభంతో, భాగిస్తే ఆ కంపెనీ తన సంపాదనకు ఎన్ని రెట్లకు అమ్ముడవుతోందో తెలుస్తుంది. పక్క రాశికి పలికిన ధర చూసి మన రాశి ధర ఊహించుకోవడమే ఇది. బీకామ్ చదివిన పిల్లకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. తప్పులు మాత్రం ఇక్కడే జరుగుతాయి. నేను చేసిందే చెప్తాను. అంకెలు మార్చి చెప్తున్నా, లెక్క తీరు అదే.

రెండో వారం. ఒక ప్రమోటర్‌కు, అంటే కంపెనీ యజమానికి, మా వాళ్ళు పిచ్ చేయబోతున్నారు, అంటే ఈ పని మాకివ్వమని అడగబోతున్నారు. ఆయన కంపెనీ ఎబిటా 180 కోట్లు. తొమ్మిది కంపెనీల కంప్స్ నాకిచ్చారు. ఎనిమిదింటి సగటు 13 రెట్లు వచ్చింది. తొమ్మిదోది 4 రెట్లు మాత్రమే వచ్చింది. నేను అనుమానించలేదు. ఇంత చవగ్గా దొరుకుతున్న కంపెనీని పట్టుకున్నానని లోపల సంతోషపడ్డాను కూడా. తొమ్మిదింటి సగటు 12 అని వేసి పేజీ పంపించాను. అనలిస్ట్‌కు ఆ రోజు ఇంకో డీల్ ఉంది, పైపైన చూసి పంపేశాడు.

రాత్రి ఒంటిగంట దాటాక క్యాబ్‌లో పీజీకి వెళ్తున్నా. మాహిం దాటుతుంటే ఆ కంపెనీ పేజీలో చదివిన ఒక లైను గుర్తొచ్చింది: ముఖ విలువ 10 రూపాయల షేరు 2 రూపాయలకు విడగొట్టారు. అంటే ఒక షేరు ఐదు షేర్లయింది. నేను వాడిన ధర విడగొట్టిన తర్వాతది, 150 రూపాయలు. వాడిన షేర్ల సంఖ్య పాత యాన్యువల్ రిపోర్టులోది, 4 కోట్లు. నిజానికి 20 కోట్లు ఉండాలి. 3,000 కోట్ల కంపెనీని 600 కోట్లు చేసేశాను. నికర అప్పు, అంటే నగదు తీసేశాక మిగిలే అప్పు, 400 కోట్లు, ఎబిటా 250 కోట్లు. అసలు లెక్క 3,400ను 250తో భాగిస్తే 13.6 రెట్లు. నేను వేసింది 1,000 భాగం 250, నాలుగు రెట్లు. సగటు 12 నుంచి 13కు పోతుంది. ప్రమోటర్‌కు చూపించబోయే ధరలో 180 కోట్ల తేడా. పేజీలు పొద్దున ఏడింటికి ప్రింటుకు వెళ్ళాలి.

చేతులు చల్లబడిపోయాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియకపోవచ్చు అన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. మండీలో ఆయన సాయంత్రం చిట్టాలో నిల్వ, ఇనప్పెట్టెలో నగదు సరిపోతే తప్ప ఇంటికి వచ్చేవాడు కాదు. నా చిన్నప్పుడు ఒకసారి రైతుకు రాసిచ్చిన తక్‌పట్టీలో, అంటే సరుకు లెక్క చీటీలో, తూకం తక్కువ పడిందని రాత్రి అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ రైతు మార్కెట్ యార్డులోనే పడుకుని తెల్లారి బస్సుకు పోతాడని తెలుసు. తెల్లవారుజామునే బస్టాండుకు పోయి ఆయన్ను పట్టుకుని కొత్త పట్టీ రాసిచ్చి వచ్చాడు. "తప్పు మనమే చెప్తే అది తప్పు పాపా. వాళ్ళు కనిపెడితే దొంగతనమైతాది" అన్నాడు అమ్మ అడిగితే. ఆ మాట అమ్మతో అన్నదైనా నా చెవిలో ఉండిపోయింది.

అసోసియేట్‌కు ఫోన్ చేశాను. తప్పు ఎక్కడుంది, ఎంత తేడా వస్తుంది, ఏయే పేజీలు మారాలి, ఎంతసేపు పడుతుంది, ఈ నాలుగు చెప్పాను. కాసేపు అటువైపు చప్పుడు లేదు. "వెనక్కి రా" అన్నాడు. క్యాబ్ తిప్పించాను. కంప్స్ పేజీ, వాల్యుయేషన్ సారాంశం, ధరల శ్రేణి చూపించే చార్టు, అన్నీ మార్చేసరికి నాలుగుంపావు. ఆయన ఒక్క మాట తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. తర్వాత రెండు రోజులు నాకు పని ఇవ్వలేదు. ఆ రెండు రోజులూ ఆ రాత్రి కంటే కష్టంగా గడిచాయి. మూడో రోజు ఇంకా పెద్ద పని ఇచ్చారు.

కంప్స్ చేసేటప్పుడు నేను అప్పట్నుంచీ తప్పకుండా చూసుకున్నవి: షేర్ల విభజన, బోనస్ షేర్లు ఏమైనా జరిగాయా, అంకెలు కన్సాలిడేటెడా (అనుబంధ కంపెనీలు కలిపినవా), స్టాండలోనా (ఆ ఒక్క కంపెనీవా), ఒకరి రిపోర్టు లక్షల్లో, ఇంకొకరిది కోట్లలో, విదేశీ కంపెనీది మిలియన్లలో ఉందా, లెక్కల సంవత్సరం మార్చితో ముగుస్తుందా, డిసెంబరుతోనా. 2019 ఏప్రిల్ నుంచి ఇండ్ ఏఎస్ 116 అనే లెక్కల నియమం వచ్చాక అద్దె ఒప్పందాలు కూడా బ్యాలెన్స్ షీట్‌లో అప్పులా కనిపిస్తాయి, ఎబిటా కూడా దానికి తగ్గట్టు పెరుగుతుంది. ఒక కంపెనీకి వాటిని కలిపి, ఇంకోదానికి తీసేస్తే పోలికకు అర్థం ఉండదు. అన్నిటికంటే ముందు, తొమ్మిది మందిలో ఒకడు వేరుగా నిలబడితే వాడి కథేమిటో తెలుసుకునే దాకా పేజీ పంపకు. నిజంగానే చవగ్గా ఉండొచ్చు. చాలాసార్లు తప్పు మనదే అవుతుంది.

ఎక్సెల్‌లో చేత్తో కొట్టిన అంకె నీలం రంగులో, ఫార్ములా నలుపులో ఉండాలన్నది ఈ వృత్తిలో అందరూ పాటించే పద్ధతి. మొదట్లో ఇదేం చాదస్తం అనిపిస్తుంది. రాత్రి రెండింటికి ఇంకొకరి మోడల్, అంటే ఎక్సెల్ లెక్కల ఫైలు, తెరిచినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పేజీలో అక్షరాల సైజు, గీతల వరుస, చివరి అంకె దగ్గర దశాంశాల గురించి కూడా తెగ పట్టించుకుంటారు. చిన్నబుచ్చుకోకు. గీత వంకరగా ఉన్న పేజీ చూసిన క్లయింటు, లెక్క కూడా వంకరే అనుకుంటాడు.

డీసీఎఫ్ (డిస్కౌంటెడ్ క్యాష్ ఫ్లో) గురించి ఇంటర్వ్యూల్లో తెగ అడుగుతారు గానీ ఇంటర్న్ చేత మొత్తం మోడల్ కట్టించడం తక్కువ. అయినా ఒకటి బుర్రలో పెట్టుకో. భవిష్యత్తు నగదును ఇవాళ్టి విలువకు తెచ్చే ఆ లెక్కలో పెద్ద భాగం చివరి ఏడాది తర్వాతి విలువ నుంచి, అంటే టెర్మినల్ వాల్యూ నుంచే వస్తుంది. చివరి ఏడాది నగదు 100 కోట్లు, డిస్కౌంట్ రేటు 12 శాతం, ఆపై వృద్ధి 5 శాతం అనుకుంటే అది 105ను 0.07తో (12లోంచి 5 తీస్తే 7 శాతం) భాగిస్తే వచ్చే 1,500 కోట్లు. వృద్ధి 6 శాతం అన్నావంటే 106 భాగం 0.06, సుమారు 1,767 కోట్లు. ఒక్క శాతం ఊహ మారితే 267 కోట్లు. అందుకే డీసీఎఫ్ జవాబును ఒక్క అంకెగా ఎప్పుడూ చెప్పరు, పట్టికగా చూపిస్తారు. ఆ పట్టిక ఎందుకుందో నువ్వు చెప్పగలిగితే చాలు.

ఈసీఎం టీమ్‌లో పడితే పని వేరుగా ఉంటుంది. కంపెనీ సెబీకి దాఖలు చేసే డ్రాఫ్ట్ రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్, దాన్నే డీఆర్‌హెచ్‌పీ అంటారు, అందులోని ప్రతి వాక్యానికి ఆధారం ఉండాలి. "మేము ఈ రంగంలో మొదటి వరుసలో ఉన్నాం" అని కంపెనీ రాస్తే ఏ కాగితం చూసి అన్నారో అడిగి, ఆ కాగితం ఫైల్లో పెట్టాలి. వందల పేజీలు. విసుగొస్తుంది. కానీ కంపెనీ లోపలి సంగతులు అంతగా తెలిసే చోటు ఇంకోటి లేదు. ఒత్తిడి కూడా పెరిగింది. నా ఇంటర్న్‌షిప్ నాటికి ఇష్యూ ముగిశాక లిస్టింగ్‌కు 12 పనిదినాలు ఉండేవి. 2016లో 6 చేశారు. 2023 డిసెంబరు నుంచి 3 రోజులే.

ఇప్పుడు గుండెల్లో రాసుకోవాల్సిన సంగతి, రహస్యం. డీల్ వార్త బయటికి పొక్కక ముందు అది ధరను కదిలించే సమాచారం. దాన్ని ఎవరికైనా చెప్పినా, దాని మీద ఎవరైనా షేర్లు కొన్నా సెబీ చట్టం కింద ఇన్‌సైడర్ ట్రేడింగ్. జరిమానా 10 లక్షలకు తగ్గదు. 25 కోట్ల దాకా, లేదా వచ్చిన లాభానికి మూడింతల దాకా, ఏది ఎక్కువైతే అంత వేయొచ్చు. జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది. ఇంటర్న్ అని మినహాయింపు లేదు. నీకూ మీ ఇంట్లోవాళ్ళకూ షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాలుంటే మొదటి రోజే చెప్పమంటారు, దాచకుండా చెప్పు. ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉన్న మా మేనమామ ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "ఏం పాపా, ఏ షేరు కొంటే బాగుంటాది?" అని అడిగేవాడు. ప్రేమగానే అడిగేవాడు. "మామా, నువ్వు ఈ మాట అడిగితే నేను ఫోన్ పెట్టేయాల్సొస్తాది" అని రెండోసారే చెప్పేశాను. కొన్నాళ్ళు బాధపడ్డాడు. తర్వాత అర్థం చేసుకున్నాడు. పీజీలో గదిలో ఉన్న అమ్మాయికి కూడా కంపెనీ పేరు చెప్పకు. లోకల్ ట్రైన్‌లో, లిఫ్టులో ఆ మాట ఎత్తకు. ప్రాజెక్టులకు మారుపేర్లు పెట్టేది అందుకే.

ఇంగ్లీషు గురించి భయపడ్డావు. మొదటి పది రోజులు నేనూ నోరు విప్పలేదు. వాళ్ళ మాటల వేగం నాకు అందేది కాదు. నాకు దారి చూపించింది ఒక చిన్న అలవాటు. పని చెప్పగానే నోట్‌బుక్‌లో రాసుకుని, "మీరు అడిగింది ఇవి మూడు, మొదటిది రాత్రి పదికల్లా కావాలి, అవునా?" అని తిరిగి చెప్పేదాన్ని. అందులో వ్యాకరణం తప్పు పోయినా ఎవరూ పట్టించుకోలేదు. రెండుసార్లు ఆ అలవాటు వల్లే వాళ్ళు చెప్పిందాంట్లో పొరపాటు బయటపడింది. మెయిల్ నాలుగు లైన్లు మించకు: ఏం పంపుతున్నావు, ఏం మారింది, ఏది ఇంకా తేలలేదు. ముంబైలో సగం ఆఫీసు హిందీలో మాట్లాడుకుంటుంది, మన కర్నూలు పిల్లకు హిందీ ఎట్లాగూ కొంత వచ్చే ఉంటుంది. ఎంపిక చేసే గదిలో నేను నాలుగేళ్ళు కూర్చున్నాను. యాస గురించి ఒక్కరు కూడా మాట్లాడలేదు. "ఈ అమ్మాయికి పని ఇస్తే మళ్ళీ అడగాల్సి వస్తుందా?" అన్నది ప్రతిసారీ అడిగారు.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆయన భయం తప్పు కాదు. నిజాన్ని తగ్గించి చెప్పి ఆయన్ను ఒప్పించకు. వారంలో మూడు నాలుగు రోజులు అర్ధరాత్రి దాటుతుంది. ఒక్కో వారం ఆదివారం కూడా ఉండదు. 2013లో లండన్‌లో ఒక బ్యాంకు ఇంటర్న్ వరసగా రాత్రులు పనిచేసిన రోజుల్లో తన గదిలో చనిపోయాడు. మూర్ఛ వల్ల అని విచారణలో తేలింది. అలసట కూడా కారణమైందా అన్నది గట్టిగా తేల్చలేకపోయారు. ఆ తర్వాత కొన్ని బ్యాంకులు నియమాలు పెట్టాయి. ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఏడు దాకా ఆఫీసులో ఉండకూడదని గోల్డ్‌మన్ శాక్స్ 2015లో చెప్పింది. జేపీ మోర్గాన్ 2024లో జూనియర్లకు వారానికి 80 గంటల హద్దు పెట్టింది. 80 గంటలు అన్నది హద్దుగా పెట్టుకోవాల్సి వచ్చిందంటే మామూలుగా ఎంతుంటుందో నువ్వే ఊహించుకో. నీకు ఉబ్బసం, మూర్ఛ, థైరాయిడ్, ఏదున్నా హెచ్ఆర్‌కు మొదటి రోజే చెప్పు. రెండు రాత్రులు వరసగా నిద్ర లేకపోతే మూడో రోజు నోరు తెరిచి చెప్పు. నా కింద ఒక ఇంటర్న్ చెప్పకుండా ఓర్చుకుని ఐదో రోజు లిఫ్టు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ అమ్మాయి ముఖం చూడకుండా పని చెప్పినందుకు నేను ఇప్పటికీ బాధపడతాను. అంతకంటే ముందే ఎవరైనా నాకు చెప్పుంటే ఇంటికి పంపేదాన్ని.

ఇంటికి చేరడం గురించి: రాత్రి ఆలస్యమైతే ఆఫీసు క్యాబ్ ఇస్తారా, ఆడపిల్లలకు ఏం ఏర్పాటుంది అని చేరకముందే మెయిల్‌లో అడిగి, జవాబు మీ నాన్నగారికి చూపించు. గది ఆఫీసుకు అరగంటలోపు ఉండేలా చూసుకో. అద్దె ఎక్కువైనా అక్కడే ఖర్చు పెట్టు, తిండిలోనూ బట్టల్లోనూ తగ్గించుకోవచ్చు. రాత్రి రెండింటికి గేటు తీసే పీజీయేనా అన్నది డబ్బు కట్టకముందే అడుగు. నేను అడగక మొదటి వారం గేటు బయట వాచ్‌మన్ లేచేదాకా నిలబడ్డాను. క్యాబ్ ఎక్కాక ఇంట్లో ఒకరికి లొకేషన్ పంపే అలవాటు చేసుకో. మా నాన్న రెండు నెలలూ నా మెసేజ్ వచ్చేదాకా మేలుకునే ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. స్టైపెండ్ నెలాఖరుకో ఇంకా ఆలస్యంగానో వస్తుంది కాబట్టి అడ్వాన్సు, మొదటి నెల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్ళు.

చివరి ప్రశ్న, ఆఫర్. 2012లో మార్కెట్ చల్లగా ఉంది, కంపెనీలు మొదటిసారి జనానికి షేర్లు అమ్మే ఐపీఓలు చాలా తగ్గిపోయాయి. మా టీమ్‌లో ముగ్గురం ఇంటర్న్‌లం, ముగ్గురికీ పీపీఓ, అంటే ఇంటర్న్‌షిప్ చివర్లో ఇచ్చే ఉద్యోగం ఆఫర్, ఇవ్వలేదు. మాలో ఒకతను నాకంటే ఎంతో బాగా మోడల్ కట్టేవాడు, అతనికీ రాలేదు. ఆ రోజు హాస్టల్‌కు వచ్చి ఏడ్చాను. తప్పు చేసినందుకే ఇవ్వలేదని చాలాకాలం అనుకున్నాను. క్యాంపస్ ఇంటర్వ్యూలు మొదలయ్యాక ఇంకో చిన్న సంస్థ నన్ను పిలిచింది. వాళ్ళు ఆ అసోసియేట్‌కు ఫోన్ చేసి నా గురించి కనుక్కున్నారట. ఆయన ఆ రాత్రి జరిగింది మొత్తం చెప్పి, "తప్పును తనే పట్టుకుని తనే ఫోన్ చేసింది" అన్నాడని నన్ను తీసుకున్న మేడమ్ చేరిన ఏడాదికి చెప్పింది. కాబట్టి ఎనిమిది వారాలూ ఆఫర్ కోసమే బతక్కు. రాకపోతే నీ విలువ తగ్గిందని అనుకోకు. సీట్లు ఎన్ని అన్నది నువ్వు రైలెక్కక ముందే సగం తేలిపోయి ఉంటుంది.

ఏప్రిల్ లోపు ఏం చేయాలంటే, వేలు పోసి కోర్సులు కొనకు. సెబీ వెబ్‌సైట్‌లో డీఆర్‌హెచ్‌పీలన్నీ ఉచితంగా ఉంటాయి. హ్యుందాయ్ మోటార్ ఇండియాది దించుకో. 2024 అక్టోబరులో 27,870 కోట్ల ఇష్యూ, అప్పటికి మన దేశంలో అదే పెద్దది. మన పెనుకొండ దగ్గర కార్లు చేసే కియా కూడా ఆ కుటుంబంలోదే, అందులో కియా గురించి ఏం రాశారో వెతికి చదువు. ఆ ఇష్యూలో వచ్చిన డబ్బు కంపెనీకి వెళ్ళిందా, అమ్మిన వాళ్ళకు వెళ్ళిందా, ఎందుకు అన్నది కనుక్కో. రిస్క్ ఫ్యాక్టర్ల అధ్యాయం, ఇష్యూ ధరకు ఆధారం చూపించే అధ్యాయం, ఈ రెండూ వదలకుండా చదివితే మిగతావాళ్ళ కంటే చాలా ముందుంటావు. రోజూ గంటసేపు ఎక్సెల్ మౌస్ ముట్టకుండా చెయ్యి. ఏదైనా ఒక కంపెనీ మూడేళ్ళ లెక్కలు నీ చేత్తో టైపు చేసి, బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా సరిపోయేదాకా కూర్చో.

టీమ్ ఏదో హెచ్ఆర్ చెప్పగానే నాకు రాయి. ఏ రంగం కంపెనీలతో పనో చూసి, మొదటి కంప్స్ ఆదివారం ఫోన్‌లో ఇద్దరం కలిసి చేద్దాం. మీ నాన్నగారు మాట్లాడతానంటే ఫోన్ ఆయనకు ఇవ్వు.